ఆ వెండి స్విమ్‌సూట్ సంగతి

చిన్నీ,

నువ్వు పంపిన స్విమ్‌సూట్ ఫోటో చూశాను. యాంటీబాక్టీరియల్ అట, ధర ఎక్కువ, కొనమంటావా పెద్దమ్మా అని అడిగావు. కొనుక్కో. కాకపోతే అది ఏ పనికొస్తుందో తెలిసి కొనుక్కో.

ఇలాంటి బట్టల్లో ఎక్కువగా కలిపేది వెండి. మీ అమ్మ బీరువాలో దాచిన నీ ఉగ్గుగిన్నె ఉంది చూడు, అదే వెండి. తడి తగిలితే అందులోంచి అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న వెండి కణాలు, కొద్దికొద్దిగా వచ్చి బ్యాక్టీరియాను పెరగనివ్వవు. చెమట వాసన అంటాం గానీ, అది నిజానికి చెమటను తిని బతికే బ్యాక్టీరియా పని. పాలియెస్టర్ లాంటి దారాలు ఒంటి జిడ్డును పట్టుకుంటాయి కాబట్టి ఉతికినా ఓ పట్టాన పోదు. పైగా మన ఆడవాళ్ల సూట్లు మోకాళ్ల దాకా ఉంటాయి, లోపల లైనింగ్ ఒకటి. వానాకాలంలో ఫ్లాట్ బాల్కనీలో అవి ఎప్పటికి ఆరేను! వారానికి ఐదు రోజులు ఈదే నీకు ఆ ముక్కిన వాసన తగ్గితే మంచిదే.

కానీ అది కాపాడేది బట్టను, నిన్ను కాదు. అమెరికాలో ఈపీఏ అని పర్యావరణ రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఉంది, దాని నియమమే ఉంది: ఇలాంటి బట్టకు వాసన పట్టదని చెప్పి అమ్ముకోవచ్చు గానీ, ప్రత్యేకంగా రిజిస్టర్ చేయించకుండా మనిషిని జబ్బుల నుంచి కాపాడుతుందని చెప్పకూడదు.

నేను ఈత నేర్చుకున్నది నలభై రెండో ఏట. బట్టలు మార్చుకునే గది దగ్గర క్యూ చూసి బద్ధకించి, తడి సూట్ మీదే చుడీదార్ తొడుక్కుని స్కూటీ ఎక్కేదాన్ని. దారిలో కూరగాయలు కూడా కొనేదాన్ని. నెల తిరక్కుండా తొడల మధ్య దురద, మంట. సిగ్గుపడి పది రోజులు ఎవరికీ చెప్పలేదు. చివరికి డాక్టరమ్మ చూసి ఫంగస్ అంది. ఫంగస్ వేరు, బ్యాక్టీరియా వేరు. యాంటీబాక్టీరియల్ అని మాత్రమే రాసిన బట్టను నమ్ముకుని తడిగా కూర్చోకు.

పూల్‌లోంచి రాగానే సూట్‌తోనే షవర్ కింద నిలబడి క్లోరిన్ వదిలించు. తర్వాత విప్పేసి, ఒళ్లు పొడిగా తుడుచుకుని కాటన్ లోదుస్తులు వేసుకో. తడి సూట్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి సాయంత్రం దాకా డిక్కీలో పడేస్తే వెండి కాదు కదా, బంగారం కలిపినా కంపే. ఇంట్లో చన్నీళ్లు, కాస్త సబ్బు చాలు. బ్లీచ్ వద్దు. మెలిపెట్టి పిండకు, టవల్లో చుట్టి నొక్కి నీడలో ఆరెయ్.

లేబుల్ మీద ఎన్ని ఉతుకుల దాకా పని చేస్తుందో రాశారేమో చూడు. బ్యాక్టీరియాను ఆపే ఆ మందు పైన పూసిందైతే ఉతికేకొద్దీ పోతుంది, దారంలోనే కలిపిందైతే ఎక్కువ కాలం ఉంటుంది. అందరూ మర్చిపోయేది ఇంకోటుంది. స్పాండెక్స్ అనే సాగే దారం ఎక్కువున్న సూట్ క్లోరిన్‌కు వదులైపోతుంది. పాలియెస్టర్, పీబీటీ (అదీ ఒక రకం పాలియెస్టరే) కలిసినవి గట్టివి. నేనైతే ఆ డబ్బుతో అలాంటి మామూలు సూట్లు రెండు కొంటాను, ఒకటి ఆరేలోగా ఇంకోటి.

కొనేముందు లేబుల్ వెనకవైపు ఫోటో తీసి పంపు. నా దురద సంగతి మాత్రం మీ అమ్మ దగ్గర అనకు, ఇప్పటికీ తనకి తెలియదు.

మీ పెద్దమ్మ