అభిప్రాయం సంగతి తర్వాత, ముందు పిల్లవాడి సంగతి చూడండి

అందరూ ఆరాధించే ఒక క్రీడాకారుడి ప్రవర్తన తప్పంటూ మీ 14 ఏళ్ల అబ్బాయి పోస్టు పెట్టాడు. ఆ రాత్రి నుంచే తిట్లు, బెదిరింపులు మొదలయ్యాయి. తరగతిలోనూ ఏడిపిస్తున్నారు. ఖాతా మూసేయమంటే ఒప్పుకోవడం లేదు, ఏం చేయాలి అని అడిగారు. మధ్యలో ఒక మాట అన్నారు: "నిజానికి వాడు రాసింది కాస్త ఎక్కువే అనిపించింది." నా జవాబు ఆ మాట దగ్గరే మొదలవుతుంది. తను రాసింది ఎక్కువో తక్కువో తేల్చే పని ఇప్పుడు పెట్టుకోకండి. అది తప్పే అనుకుందాం. అయినా 14 ఏళ్ల పిల్లవాణ్ణి చంపుతామనే హక్కు ఎవరికీ రాదు. రక్షణ అనేది అభిప్రాయం బాగుంటే ఇచ్చే బహుమతి కాదు.

ఇది ఊరికే చెప్పడం లేదు. మా అమ్మాయికి 15 ఏళ్లప్పుడు, ఒక ఘోరమైన నేరం వార్తల్లో నలుగుతున్న సమయంలో, ఎంతటి నేరస్థుడికైనా మరణశిక్ష ఉండకూడదంటూ చిన్న వీడియో చేసి పెట్టింది. నేను ఆ మాటతో ఏకీభవించను. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ సంగతి తనకూ తెలుసు. స్నేహితులు పదిమంది చూసి వదిలేయాల్సిన వీడియోను చాలామంది అనుచరులున్న ఒక పెద్దమనిషి "ఈ తరం ఎలా తయారైందో చూడండి" అని తన పేజీలో పంచుకున్నాడు. ఇక వరద. ఆ నేరం నీకే జరిగితే అప్పుడు తెలుస్తుంది అన్నవాళ్లలో, తమ పిల్లలను ఎత్తుకున్న ఫోటోలు పెట్టుకున్న తండ్రులూ ఉన్నారు. నేరం మీద కోపంతో, అదే నేరం ఇంకో పిల్లకు జరగాలని కోరుకున్నారన్నమాట. ఆ తర్కం నాకు ఈనాటికీ అంతుపట్టదు.

ఆ రాత్రి నేను తనతో ముందుగా అన్నది ఒకటే: "నీ వాదన గురించి మనం తర్వాత పోట్లాడుకుందాం. ఫోను మాత్రం నీ దగ్గరే ఉంటుంది." రెండో వాక్యం చాలా ముఖ్యం. ఆన్‌లైన్‌లో వేధింపులు ఎదురైన పిల్లలు పెద్దవాళ్లకు చెప్పకుండా దాచడానికి ఒక పెద్ద కారణం, చెబితే ఫోను లాక్కుంటారన్న భయం. దాడి చేసినవాళ్ల చేతిలో ఫోన్లు అలాగే ఉండి, దాడికి గురైన పిల్లవాడి చేతిలోంచి ఫోను పోతే, శిక్ష ఎవరికి పడిందో పిల్లలకు చక్కగా అర్థమవుతుంది. అలాగే "అసలు ఎందుకు రాశావు?" అన్న ప్రశ్న. మీరు ప్రేమతోనే అడుగుతారు. కానీ బయట వందమంది అడుగుతున్నదీ అదే కదా. ఇంట్లోనూ అదే వినబడితే ఇక తను ఎవరికి చెప్పుకోవాలి?

తర్వాత ఒక విభజన చేసుకోవాలి. వచ్చిన వ్యాఖ్యలన్నీ వేధింపు కాదు. "నీకు ఆట గురించి తెలియదు, ఆ రోజు జరిగింది వేరు" అన్నది విమర్శ. కటువుగా ఉన్నా సరే, బహిరంగంగా మాట్లాడినవాడు దాన్ని వినాల్సిందే. "నీ బడి ఎక్కడో తెలుసు" అన్నది బెదిరింపు. "నీ మొహం చూసుకో" అన్నది అవమానం. ఈ తేడా పిల్లలకు చెప్పకపోతే రెండు ప్రమాదాలున్నాయి: ప్రతి విమర్శనూ దాడి అనుకోవడం, లేదంటే ప్రతి దాడినీ "మాట్లాడినందుకు ఇది మామూలే" అనుకుని భరించడం. నాకు రెండోదే ఎక్కువ భయం.

బడుల్లో ఏడిపించడం మీద పరిశోధనలకు ఆద్యుడైన డాన్ ఓల్వేయస్ దానికి మూడు లక్షణాలు చెప్పాడు: బాధపెట్టే ఉద్దేశం, పదేపదే జరగడం, బలంలో తేడా. ఆన్‌లైన్‌లో రెండోది విచిత్రంగా మారిపోతుంది. రాసినవాడు రాసేది ఒక్క వాక్యమే, రాసి మరిచిపోతాడు. చదివే పిల్లవాడికి మాత్రం అది వందోసారి. అందుకే "ఒక్క మాట అన్నందుకే ఇంత రాద్ధాంతమా?" అని వాళ్లు నిజాయితీగానే ఆశ్చర్యపోతారు. ఎదుటి మనిషి మొహం కనబడకపోవడం, తన పేరు తెలియకపోవడం వంటివి మనుషుల నోటికి అడ్డూ అదుపూ లేకుండా ఎలా చేస్తాయో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ సూలర్ 2004లోనే వివరించాడు. ఈ వివరాలు మీ అబ్బాయికి చెప్పండి. మా అమ్మాయికి బాగా పనికొచ్చాయి. "వాళ్లందరూ నన్ను అసహ్యించుకుంటున్నారు" నుంచి "వాళ్లు నన్ను చూడనే లేదు" దాకా రావడానికి కొంతకాలం పట్టింది కానీ, వచ్చింది.

ఇక జవాబులివ్వడం గురించి. వద్దు. మీ అబ్బాయీ వద్దు, మీరూ వద్దు, ముఖ్యంగా బంధువులు అసలే వద్దు. మా అన్నయ్య ఆవేశంగా తన సొంత ఖాతాతో రంగంలోకి దిగి మేనకోడలి తరఫున వాదించాడు. గంటల్లో ఆయన ఖాతాలోంచి మా కుటుంబ ఫోటోలు వెతికి తీసి, వాటి మీద బొమ్మలు గీసి తిప్పారు. అప్పటివరకూ ఒక వీడియోలోని అమ్మాయి మాత్రమే తెలిసినవాళ్లకు మా ఇంటిల్లిపాదీ తెలిసిపోయాం. పైగా ఈ వేదికల లెక్కలో ప్రేమగా రాసిన వ్యాఖ్యా, కోపంగా రాసిన వ్యాఖ్యా రెండూ స్పందనలే. స్పందన పెరిగితే పోస్టు ఇంకా ఎక్కువమందికి చేరుతుంది. ఫేస్‌బుక్ 2017 నుంచి కొంతకాలం కోపం బొమ్మకు లైకు కంటే అయిదు రెట్లు విలువ ఇచ్చిందని 2021లో బయటికొచ్చిన ఆ సంస్థ పత్రాలు చూపించాయి. ఆ విలువను క్రమంగా తగ్గించి చివరికి సున్నా చేశారు. కానీ సూత్రం తెలిసింది కదా: మంట ఆర్పడానికి మీరు రాసే ప్రతి వ్యాఖ్యా ఆ మంటకు కట్టెపుల్లే.

ఒక్క మినహాయింపు. మీ అబ్బాయి రాసినదాంట్లో వాస్తవం తప్పుగా ఉంటే, తేదీయో సంఘటనో పొరపాటైతే, ఒక్కసారి సవరణ పెట్టి ఊరుకోవచ్చు. బెదిరించి చెప్పించుకునే క్షమాపణ మాత్రం చెప్పనివ్వకండి. నిజంగా ఎవరి మనసైనా నొచ్చిందనిపిస్తే ఆ మనిషికి నేరుగా, గొడవ చల్లారాక చెప్పొచ్చు. తుపాను మధ్యలో పెట్టే క్షమాపణను గుంపు ఒప్పుకోలుగా చదువుతుంది, దాన్నీ తెరపట్టు (స్క్రీన్‌షాట్) తీసి తిప్పుతుంది.

ఆధారాల పని మీరే చేయండి, పిల్లవాడితో చేయించకండి. తిట్లను వెతికి, చదివి, దాచే పని తనకు అప్పగిస్తే ప్రతిదీ మళ్లీ తగులుతుంది. తెరపట్టు తీసేటప్పుడు వ్యాఖ్య ఒక్కటే కాకుండా ఖాతా పేరు, తేదీ, సమయం కనబడాలి. ఆ వ్యాఖ్య లింకు, ఖాతా లింకు విడిగా రాసిపెట్టుకోండి, ఎందుకంటే పేర్లు మార్చేస్తారు. ఇదంతా అయ్యాకే బ్లాక్ చేయండి. ముందే బ్లాక్ చేస్తే కొన్నిచోట్ల ఆ సందేశాలు మళ్లీ కనబడవు. తిట్లన్నీ దాచనక్కర్లేదు. బెదిరింపులు, చిరునామా లేదా బడి పేరు బయటపెట్టినవి, లైంగికమైనవి, ఒకే ఖాతా నుంచి పదేపదే వచ్చేవి చాలు.

కానీ పిల్లల నగ్న చిత్రం, అది మార్ఫింగ్ చేసినదైనా సరే, వస్తే దాన్ని కాపీ తీయకండి, ఎవరికీ పంపకండి, ఆధారం కోసమైనా పంపకండి. అలాంటి చిత్రం దగ్గర ఉంచుకోవడమే చాలా దేశాల్లో నేరం. ఎక్కడ కనబడిందో లింకు రాసుకుని నేరుగా పోలీసులకు చెప్పండి. 18 ఏళ్లలోపు తీసిన చిత్రాల కోసం అమెరికాలోని ఒక బాలల రక్షణ సంస్థ నడిపే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. ఇతర దేశాలవాళ్లూ వాడుకోవచ్చు. మీ పరికరంలో ముందే ఉన్న చిత్రం అక్కడి నుంచి బయటికి వెళ్లదు. దాని నుంచి తయారైన ఒక సంకేత సంఖ్య మాత్రమే వెళ్తుంది, అందులో చేరిన వేదికలు ఆ సంఖ్యతో పోల్చి చిత్రాన్ని తీసేస్తాయి.

ఫిర్యాదు చేసేటప్పుడు "నాకు నచ్చలేదు" వంటి సాధారణ కారణం నొక్కితే పెద్దగా ఏమీ జరగదు. బెదిరింపైతే బెదిరింపు అనీ, వ్యక్తిగత వివరాలైతే అదేననీ ఎంచుకోండి. బాధితుడు మైనరు అని చెప్పే వీలున్నచోట తప్పక చెప్పండి. మొదటి ఫిర్యాదు తిరస్కరిస్తే పునఃపరిశీలన కోరండి. మా విషయంలో "నిబంధనల ఉల్లంఘన ఏమీ లేదు" అని వచ్చిన వాటిలో కొన్ని రెండోసారి అడిగాక తొలగించారు. తేలిగ్గా వదిలేయకూడదని అప్పుడే తెలిసింది.

సెట్టింగుల సంగతి తొందరగా చెప్పేస్తాను, అరగంట పని. వ్యాఖ్యలు ఆపేయండి లేదా తెలిసినవాళ్లకే పరిమితం చేయండి, తెలియనివాళ్ల సందేశాలు, ట్యాగులు మూసేయండి, వడపోతలో తిట్టుపదాలు చేర్చండి. ఇన్‌స్టాగ్రామ్‌లో 2019 నుంచి 'రిస్ట్రిక్ట్' అనే ఏర్పాటు ఉంది. అలా పరిమితం చేసిన మనిషి రాసే వ్యాఖ్య అతనికి తప్ప, మీరు అనుమతించేదాకా, ఇంకెవరికీ కనబడదు, ఆ సంగతి అతనికి తెలియదు. తరగతిలో రోజూ ఎదురుపడేవాళ్లకు బ్లాక్ కంటే ఇది మేలు, ఎందుకంటే బ్లాక్ చేశావని బడిలో నిలదీయరు. పాత పోస్టుల్లో యూనిఫామ్, ఇంటి గుమ్మం, రోజూ వెళ్లే దారి కనబడే ఫోటోలుంటే అవీ దాచేయండి.

అసలు గాయం బడిలోనే అవుతుంది. ముక్కూమొహం తెలియనివాళ్లు రాసిన బూతులకంటే, పక్క బెంచీ అమ్మాయి ఆ తిట్ల కింద పెట్టిన నవ్వు బొమ్మ మా అమ్మాయిని ఎక్కువ ఏడిపించింది. బడికి వెళ్లి "ఏదో ఒకటి చేయండి" అంటే, అందరినీ నిలబెట్టి ఉపన్యాసం ఇస్తారు, మరునాడు పిల్లవాడి మీద "చాడీలు చెప్పాడు" అన్న పేరు కూడా చేరుతుంది. నిర్దిష్టంగా అడగండి: తను ఎప్పుడైనా వెళ్లి చెప్పుకోగల ఒక ఉపాధ్యాయుడు ఎవరు? తరగతి గ్రూపులో జరుగుతున్నది ఎవరు చూస్తారు? ఏడిపించినవాళ్లతో ఎవరు, విడివిడిగా, ఎప్పుడు మాట్లాడతారు? ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేయి కలిపించే రాజీకి మాత్రం ఒప్పుకోకండి.

"అసలు ఆ వయసులో ఇలాంటివి రాయడమెందుకు?" అని బడివాళ్లు అనొచ్చు. మాతో అన్నారు. దానికి నా దగ్గరున్న జవాబు 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక. అమెరికా తప్ప సమితి సభ్యదేశాలన్నీ దాన్ని ఆమోదించాయి. అందులో 13వ అధికరణం పిల్లలకు భావప్రకటన స్వేచ్ఛ ఉందంటుంది, ఇతరుల హక్కులకు భంగం కలగకూడదన్న పరిమితితో. 16వ అధికరణం వాళ్ల గౌరవం మీద దాడి నుంచి రక్షణ ఇవ్వాలంటుంది. ఈ హక్కులు డిజిటల్ ప్రపంచంలోనూ వర్తిస్తాయని 2021లో బాలల హక్కుల కమిటీ వివరంగా చెప్పింది. రక్షణ కావాలంటే నోరు మూసుకోమనే బేరం అందులో ఎక్కడా లేదు.

ఇలాంటప్పుడు చాలామంది "గ్రేటా థున్‌బెర్గ్‌ను చూడు, ఎంత ధైర్యంగా నిలబడిందో" అని పిల్లలకు చెబుతారు. దయచేసి చెప్పకండి. వాతావరణ మార్పు మీద ఉద్యమించిన 16 ఏళ్ల ఆ స్వీడన్ అమ్మాయిని 2019 డిసెంబరులో సాక్షాత్తూ అమెరికా అధ్యక్షుడు ట్విటర్‌లో ఎగతాళి చేశాడు, ఆమె ఆ మాటల్నే తన పరిచయ వాక్యాలుగా పెట్టుకుంది. చదవడానికి సరదాగానే ఉంటుంది. కానీ అప్పటికి ఆమె వెనుక లక్షలమంది ఉన్నారు. మీ అబ్బాయి వెనుక ఉన్నది మీరు. ఇంకొకరి ధైర్యాన్ని కొలబద్దగా పెడితే, ఏడవడం కూడా ఓటమి అనుకుంటాడు. 2018లో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ బడిలో 17 మందిని బలిగొన్న కాల్పుల నుంచి బయటపడి, తుపాకుల నియంత్రణ కోరిన 17 ఏళ్ల డేవిడ్ హాగ్‌ను "డబ్బు తీసుకున్న నటుడు" అన్నారు. అంతటి విషాదాన్ని అనుభవించిన పిల్లవాడినే వదలని గుంపు, సరైన వాదన చెబితే మారుతుందనుకోవడం భ్రమ.

మలాలా యూసఫ్‌జాయ్ ఉదాహరణ మాత్రం నాకు ఉపయోగపడింది, అదీ వేరే కారణానికి. 2009లో, 11 ఏళ్ల వయసులో, బీబీసీ ఉర్దూకు తన డైరీని 'గుల్ మకై' అనే మారుపేరుతో రాసింది. ఆమె ఎవరో తర్వాత లోకానికి తెలిసింది, 2012లో ఆమెపై కాల్పులూ జరిగాయి. మారుపేరు కవచమేమీ కాదు. అయినా పేరు దాచుకుని రాయడం పిరికితనం కాదని మా అమ్మాయికి నచ్చజెప్పడానికి అది చాలింది. మీ అబ్బాయికి రాయాలనే ఉంటే ముఖం, బడి, అసలు పేరు లేని ఖాతా ఒక దారి.

నిద్ర పట్టకపోయినా, తిండి మానినా, బడికి వెళ్లనని మొండికేసినా కొన్ని రోజులు గమనించొచ్చు. కానీ చచ్చిపోవాలనుంది, నేను లేకపోతే బాగుండు వంటి మాట ఒక్కసారి వచ్చినా, తనను తాను గాయపరచుకున్నా, ఆగకండి. ఒంటరిగా వదలకండి, అదే రోజు మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ఆత్మహత్య గురించి సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందేమోనన్న భయం అక్కర్లేదు, పుట్టదు. అడగండి. ఇంటి చిరునామా బయటపెట్టినా, ఫలానా రోజు ఫలానా చోట కొడతామన్నా అది పోలీసుల పని, బడి కోసం ఎదురుచూడొద్దు.

చివరికి ఖాతా. మూసేయమని బలవంతపెట్టకండి. ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప ఆ నిర్ణయం తనదే కానివ్వండి. మా అమ్మాయి ఖాతాను ప్రైవేటుగా మార్చి, వీడియోను తొలగించకుండా తనకు మాత్రమే కనబడేలా దాచుకుంది. నేనైతే తొలగించేదాన్ని. మీవాడు నిజంగా మూసేద్దామంటే శాశ్వతంగా తొలగించే ముందు రెండు పనులు చేయండి: ఖాతా సమాచారం మొత్తం డౌన్‌లోడ్ చేసుకోండి, పోలీసులకు ఫిర్యాదు చేసి ఉంటే వాళ్లను అడగండి. చాలా వేదికల్లో తాత్కాలికంగా నిలిపివేసే వీలుంది. ముందు అది చేసి, పరీక్షలో సెలవులో ఏవో ఒకటి గడిచాక మళ్లీ మాట్లాడుకోవచ్చు.