పాస్‌వర్డ్ పెట్టినా తెరుచుకుంటున్న జిప్ ఫైల్

ప్రశ్న: ఆడిటర్ కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఖాతాదారుల ఆధార్, పాన్ స్కాన్ కాపీలున్న ఫోల్డర్‌ను పైథాన్ కోడ్‌తో జిప్ చేసి, ‘సెట్‌పాస్‌వర్డ్’ ద్వారా పాస్‌వర్డ్ ఇచ్చి మెయిల్ చేస్తున్నాను. అవతలివారికి పాస్‌వర్డ్ అడగకుండానే తెరుచుకుంటోందట. సైజు కూడా తగ్గడం లేదు. ఎందుకు?

జవాబు: సైజు సంగతి చిన్నది. పైథాన్‌లోని జిప్‌ఫైల్ మాడ్యూల్‌కు ‘జిప్ డిఫ్లేటెడ్’ అని ప్రత్యేకంగా చెప్పకపోతే అది ఫైళ్లను కుదించకుండా ఒకచోట చేరుస్తుందంతే. జేపెగ్ స్కాన్‌లు ముందే కుదించినవి కనుక, చెప్పినా పెద్దగా తగ్గవు.

పాస్‌వర్డ్ గురించి ఇదే ఫిర్యాదు నాకు పదే పదే వస్తోంది. ఈ మాడ్యూల్ ఎన్‌క్రిప్ట్ చేసిన (పాస్‌వర్డ్ లేనిదే చదవలేని రూపంలోకి మార్చిన) జిప్‌ను తెరవగలదు గానీ తయారుచేయలేదు. సెట్‌పాస్‌వర్డ్ ఉన్నది తెరిచేటప్పుడు వాడటానికే. డాక్యుమెంటేషన్‌లో ఈ మాట స్పష్టంగా ఉన్నా, కొత్త జిప్ రాస్తున్నప్పుడు దాన్ని వాడితే ఎర్రర్ ఇవ్వకుండా ఊరుకోవడం, తాళం పడకపోయినా పడిందని నమ్మనివ్వడం, నా దృష్టిలో క్షమించరాని డిజైన్ లోపం. అయితే ఇతరుల ఆధార్ కాపీలు పంపేవారు పంపేముందు ఒక్కసారైనా తామే తెరిచి చూసుకోకపోవడం అంతకన్నా చిన్న తప్పేమీ కాదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది దీని తరువాతి అడుగు. చాలామంది వెంటనే కమాండ్ లైన్‌లోని జిప్ ప్రోగ్రామ్‌తో పాస్‌వర్డ్ పెట్టి నిశ్చింతగా ఉంటారు. అది సాధారణంగా వాడే పాత జిప్ సైఫర్‌ను (ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతిని) ఛేదించే మార్గాన్ని గూఢలిపి నిపుణులు బిహామ్, కోచర్ 1994లోనే చూపించారు: లోపలి ఫైళ్లలో ఒకదాని అసలు పాఠం కొంత తెలిసినా చాలు, పాస్‌వర్డ్ ఎంత పొడవైనదైనా మిగతావి బయటపడతాయి. అందరికీ దొరికే ఖాళీ దరఖాస్తు ఫారమ్ ఒకటి ఆ ఫోల్డర్‌లో ఉంటే ఆ అవకాశం మీరే ఇచ్చినట్టు.

కాబట్టి పైథాన్‌లోనే వాడుకోగల పైజిప్పర్ లైబ్రరీతో, ఏఈఎస్ అనే బలమైన పద్ధతిలో ఎన్‌క్రిప్షన్ వాడండి. అప్పుడు కూడా ఫైళ్ల పేర్లు అందరికీ కనిపిస్తాయి కనుక పేర్లలో ఖాతాదారుల పేర్లు, పాన్ నంబర్లు ఉంచకండి. వాటినీ దాచాలంటే జిప్‌కు బదులు సెవెన్‌జెడ్ (7z) ఫార్మాట్‌లో ఫైళ్ల పేర్లను ఎన్‌క్రిప్ట్ చేసే ఆప్షన్ ఎంచుకోండి. పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో రాయకుండా ఫోన్‌లో చెప్పండి. పని జరిగే చోటల్లా చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి.

ఇప్పటికే వెళ్లిన మెయిళ్లు రక్షణ లేకుండా వెళ్లినవే. ఎవరెవరికి ఏవి పంపారో ఈరోజే జాబితా తీసి, అందుకున్నవారిచేత చెరిపించి, ఆ ఖాతాదారులకు జరిగినది చెప్పండి.