పాఠకుల ప్రశ్న: సమాచార అందుబాటును కొలిచేదెలా?

ప్రశ్న: ప్రభుత్వ సమాచారం ప్రజలకు ఏ మేరకు అందుతున్నదో ఒక ప్రాంతంలోని దేశాలన్నింటినీ పోల్చి చెప్పే నివేదికలు చూస్తుంటాను. దీన్ని ఎలా కొలుస్తారు? సమాచార హక్కు చట్టం ఉన్న దేశాలను లెక్కపెడితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. స్వీడన్ 1766లోనే ఈ హక్కును చట్టంలో చేర్చింది. నేడు వందకు పైగా దేశాల్లో ఇటువంటి చట్టాలున్నాయి. చట్టాల బలాబలాలను తూచే ఆర్‌టీఐ రేటింగ్ అనే అంతర్జాతీయ సూచీ, ఎవరు అడగవచ్చు, మినహాయింపులు ఎంత విస్తృతం, అప్పీలు ఎవరు వింటారు, సమాచారం దాచిన అధికారికి శిక్ష ఉందా వంటి 61 అంశాలపై 150 మార్కులకు లెక్క కడుతుంది. అయితే అది చూసేది చట్టంలో రాసినదాన్నే, అమలును కాదు. ఒక దశలో ఆ జాబితాలో అఫ్గానిస్తాన్ ప్రథమ స్థానంలో నిలిచిందంటే ఈ తేడా ఎంత ముఖ్యమో గ్రహించవచ్చు.

ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో సమాచార అందుబాటుకు సంబంధించిన 16.10.2 సూచిక అమలును కూడా చూస్తుంది. యునెస్కో ఇందుకోసం చేసే సర్వేకు జవాబులిచ్చేది ప్రభుత్వాలే కనుక, ఆ అంకెలను స్వతంత్ర పరిశీలనతో సరిచూసుకోవలసిందే.

నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి, ఒకే ప్రశ్నను అన్ని దేశాల్లోని ఒకే తరహా కార్యాలయాలకు నిజమైన దరఖాస్తుగా పంపి, ఏమి జరిగిందో నమోదు చేయడం. పూర్తి సమాచారం వచ్చిందా, కొంతే వచ్చిందా, కారణం చూపి నిరాకరించారా, అసలు జవాబే రాలేదా అన్నవి వేర్వేరుగా రాయాలి. జవాబు రాని దరఖాస్తులను లెక్కలోంచి తీసేస్తే అధ్వాన్నమైన కార్యాలయం కూడా మెరుగ్గా కనిపిస్తుంది. నిరాకరణపై అప్పీలుకు కనీసం ఒక ఆధారం ఉంటుంది, మౌనం ఆ ఆధారాన్ని కూడా మిగల్చదు. అదే ప్రశ్నను ఒక పాత్రికేయుడి చేత, ఒక సామాన్యుడి చేత విడివిడిగా అడిగిస్తే మనిషిని బట్టి జవాబు మారుతున్నదేమో కూడా బయటపడుతుంది.

గడువులు దేశానికొక తీరుగా ఉంటాయి కనుక ఆలస్యాన్ని పోల్చేటప్పుడు ఉమ్మడి ప్రమాణం కావాలి. లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాల కోసం 2018లో కుదిరిన ఎస్కాజు ఒప్పందం పర్యావరణ సమాచారానికి గరిష్ఠంగా 30 పనిదినాలు, అవసరమైతే మరో 10 పనిదినాలు అని నిర్ణయించింది. ఇక ప్రాంతం మొత్తానికి ఒకే సగటు ఇచ్చే నివేదికలో, రాజధానికి దూరంగా ఉన్న కార్యాలయాల ఫలితాలు విడిగా ఉన్నాయో లేదో తప్పక చూడండి.