‘లోకము’ మీద వాక్యం చెప్పబోతున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి, ప్రభువు నామంలో వందనాలు.

నీ ఉత్తరం చదివాను. యోహాను 3:16లో దేవుడు లోకాన్ని ప్రేమించాడు, 1 యోహాను (యోహాను మొదటి పత్రిక) 2:15లో మనల్నేమో ఆ లోకాన్ని ప్రేమించొద్దంటున్నాడు, రెండు చోట్లా గ్రీకులో ‘కోస్మోస్’ అనే మాటే ఉంది, యూత్ మీటింగులో పిల్లలు అడిగితే ఏం చెప్పాలని నీ టెన్షన్. ఫోన్‌లో బైబిల్ యాప్ తెరిచి, ఆ మాటకున్న స్ట్రాంగ్స్ నంబర్ (బైబిల్ మూలభాష మాటలకు ఇచ్చిన సూచిక సంఖ్య) 2889 నొక్కితే వచ్చిన అర్థాలన్నీ వరసగా రాసుకున్నావు కూడా: అలంకారం, క్రమం, విశ్వం, భూమి, మనుషులు, దేవునికి ఎదురు తిరిగిన వ్యవస్థ. ఆ జాబితాలో తప్పేం లేదు. అయితే దాన్ని మైకు ముందు చదివితే పిల్లలు ఆవులిస్తారు, చిక్కు మాత్రం చిక్కులాగే ఉంటుంది.

ముందు ఆ యాప్ మూసెయ్. యోహాను సువార్త, మొదటి పత్రిక తెలుగులోనే చదువుతూ, ‘లోకము’ వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత గియ్. కొత్త నిబంధనలో కోస్మోస్ సుమారు 185 సార్లు వస్తే, సగానికి పైగా యోహాను పేరున్న రచనల్లోనే ఉంటుంది. కాబట్టి ఆ మాటను ఆయన ఎలా వాడతాడో ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

సువార్త 1:10 దగ్గర కాసేపు ఆగు. “ఆయన లోకములో ఉండెను, లోకమాయన మూలముగా కలిగెను గాని లోకమాయనను తెలిసికొనలేదు.” మూడుసార్లు ఒకే మాట. మొదటిది మనుషులు బతికే చోటు, రెండోది సృష్టి, మూడోది ఆయన్ని కాదన్న మనుషులు. ఒక్క వాక్యంలోనే అర్థం మారుతూ పోయింది, అయినా చదివేవాడు ఎక్కడా తడబడడు. మనమూ అంతే కదా. ‘లోకం ఏమనుకుంటుందో’ అన్నప్పుడు భూగోళం గుర్తుకు రాదు. సంఘంలో ‘వాడు లోకంలోకి వెళ్లిపోయాడు’ అంటే దేవుణ్ణి వదిలేశాడనే అర్థం, ఊరు మారాడని ఎవరూ అనుకోరు.

అలంకారం అనే అర్థం పాతది. 1 పేతురు 3:3లో జడలు, బంగారు నగలు అంటూ చెప్పిన ‘అలంకారము’ కోస్మోసే. అది చెప్పాలని నోరు ఊరుతుంది, నాకు తెలుసు. కానీ దాన్ని యోహాను 3:16లోకి లాక్కొచ్చి ‘దేవుడు తాను అలంకరించిన అందమైన లోకాన్ని ప్రేమించాడు’ అనొద్దు. మాటకున్న అర్థాలన్నిటినీ ఒకే చోట కుమ్మరించే ఈ అలవాటును జేమ్స్ బార్ అనే పండితుడు 1961లోనే గట్టిగా తప్పుపట్టాడు. మన ప్రసంగాల్లో మాత్రం అది ఇంకా దర్జాగా తిరుగుతోంది.

ఇంకొక అడ్డదారి ఉంది, అదీ మూసే ఉంది. ‘ఆ ప్రేమ వేరు, ఈ ప్రేమ వేరు’ అని తప్పించుకోలేవు. రెండు చోట్లా ‘అగాపావో’ అనే క్రియే ఉంది.

మరి తేడా ఎక్కడుంది? పక్క వాక్యాల్లో. ప్రేమించొద్దన్నది దేన్నో 1 యోహాను 2:16 విడమరిచి చెబుతుంది: శరీరాశ, నేత్రాశ, జీవపుడంబం. పక్కింటివాణ్ణి ప్రేమించొద్దని అక్కడ ఎక్కడా లేదు. అదే అధ్యాయం రెండో వాక్యంలో క్రీస్తు “సర్వలోకమునకును శాంతికరమై యున్నాడు” అని రాసింది కూడా ఆ చెయ్యే. ఇక యోహాను 3:16ని చాలామంది లోకం ఎంత పెద్దదో, జనం ఎన్ని కోట్లో లెక్కపెడుతూ చెబుతారు. యోహానుకు పరిమాణంతో పనిలేదని నా అభిప్రాయం. ఆయన రాతల్లో లోకం వెలుగును వద్దన్నది, క్రీస్తును ద్వేషించింది. అలాంటి దాన్ని దేవుడు ప్రేమించాడు. నీ సమయంలో ఎక్కువ భాగం ఇక్కడ పెట్టు.

ఒక జాగ్రత్త. తెలుగులో ‘లోకము’ కనిపించిన ప్రతిచోటా గ్రీకులో కోస్మోస్ ఉండదు. రోమా 12:2లో “ఈ లోక మర్యాద” అన్నచోట ఉన్నది ‘అయోన్’, అంటే యుగం, కాలం. లూకా 2:1లో ఔగుస్తు ప్రజాసంఖ్య రాయమన్న “సర్వలోకము” గ్రీకులో ‘ఒయికుమెనె’. అక్కడ దాని అర్థం రోమా సామ్రాజ్యం. తిరగేసి చూస్తే, అపొస్తలుల కార్యములు 17:24లో మనకు ‘జగత్తు’ అని కనిపించేది కోస్మోసే. యాప్ అవసరం ఇక్కడే: అర్థం కోసం కాదు, అసలు ఏ మాట ఉందో చూసుకోవడానికి.

మైకు ముందు గ్రీకు మాట ఒక్కసారి పలికితే చాలు. పలక్కపోయినా నష్టం లేదు. నోట్స్ రెండు పేజీలు దాటకుండా రాసి శనివారం లోపు పంపు, చూసి పెడతాను. ఇంట్లో అందరికీ నా వందనాలు చెప్పు.

మీ అన్న