పది అడిగితే మూడే ఇచ్చింది, తప్పా?

ప్రశ్న: హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను. మూడు అంకెలున్న లిస్టు మీద ‘టేక్ 10’ అంటే ఆ మూడూ ఇస్తోంది. ‘టేక్ మైనస్ 1’ అంటే ఖాళీ లిస్టు ఇస్తోంది. లిస్టులో మొదటిది ఇచ్చే ‘హెడ్’కి ఖాళీ లిస్టు ఇస్తే మాత్రం ప్రోగ్రామే ఆగిపోతోంది. ఇన్ని తీర్లేమిటి? నా ఫంక్షన్లు ఎలా రాసుకోవాలి?
– ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి “పది వంజరం చేపలు తియ్యమ్మా” అనండి. తట్టలో మూడే ఉంటే ఆ మూడే తీసిస్తుంది. అందులో మోసమేమీ లేదు. టేక్ చేసేదీ అదే. తట్ట ఖాళీ అయ్యాక “పైనున్న చేప ఇవ్వు” అంటే? హెడ్ చిక్కు అది. ఇవ్వడానికి ఏమీ లేదు, లేదని చెప్పే దారి దాని టైపులో, అంటే ఏం తీసుకుని ఏం ఇస్తుందో చెప్పే మాటలో, లేదు. ఎల్మ్ అనే మరో భాషలో హెడ్ ‘మేబీ’ ఇస్తుంది, అంటే ఉంటే ఆ విలువ, లేకపోతే ‘నథింగ్’. పిలిచినవాళ్లు రెండింటికీ సిద్ధపడాల్సిందే. 2023లో వచ్చిన హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 9.8 నుంచి హాస్కెల్‌లోనూ హెడ్ వాడితే వార్నింగ్ వస్తోంది. మీరూ మేబీనే పట్టుకోండమ్మా.

మైనస్ 1 సంగతిలో తిరకాసుంది. టేక్ ఇచ్చినదానికి, మొదటి అన్నింటినే వదిలేసే ‘డ్రాప్’ మిగిల్చింది కలిపితే మొదటి లిస్టే రావాలి. టేక్ మైనస్ 1 ఖాళీ, డ్రాప్ మైనస్ 1 మొత్తం లిస్టు అయితే ఆ సూత్రం ఏ అంకెకైనా నిలుస్తుంది. ముచ్చటగానే ఉంది, నాకు మాత్రం నచ్చదు. మైనస్ 1 చేపలు ఎవరూ కావాలని అడగరు కదా! పైన ఎక్కడో తీసివేత తప్పి ఉంటుంది, దాన్ని దాచిపెట్టినట్టవుతుంది.

ఈ చాదస్తం నాకు ఊరికే రాలేదు. రుషికొండలో ఒక కంపెనీలో పనిచేసే రోజుల్లో పేర్ల లిస్టునూ జీతాల లిస్టునూ ‘జిప్’తో జత చేశాను. జీతాల్లో మధ్యది ఒకటి రాలేదు. హాస్కెల్ జిప్ పొట్టి లిస్టు అయిపోగానే నోరెత్తకుండా ఆగిపోతుంది. ఆ పేరు నుంచి ప్రతి ఒక్కరికీ తర్వాతివాళ్ల జీతం పడింది. చివరాయనకి అసలు పడలేదు. ఆయన వచ్చి అడిగితే గానీ తెలియలేదు. ఎక్కువ పడినవాళ్లు ఎందుకు అడుగుతారు? అదే ఓకామల్ అనే భాషలో జిప్ లాంటి ‘కంబైన్’ అయితే పొడవులు సరిపోకపోతే అక్కడికక్కడే ఎర్రర్ ఇచ్చేది.

కాబట్టి పొడవులు తేడా వస్తే ‘నథింగ్’ ఇచ్చే జిప్ ఒకటి సొంతంగా రాసుకోండి. వరస నంబర్లు వేయడానికి అంతులేని లిస్టుతో జత చేస్తాం చూడండి, అక్కడ మాత్రం మామూలు జిప్పే వాడండి. ఆ అంతులేని లిస్టు పొడవు లెక్కపెట్టబోతే ప్రోగ్రామ్ ఇక తిరిగి రాదు.