పక్షవాతం వల్ల రిటర్న్ వేయలేదు... టీడీఎస్ తిరిగొస్తుందా?

ప్రశ్న: మాది తెనాలి. నాన్నగారు రిటైర్డ్ టీచర్, వయసు 73. 2022-23లో ఆయనకు పింఛను 3,10,000, డిపాజిట్ల మీద వడ్డీ 2,10,000 వచ్చాయి. పన్ను కోయొద్దని వయోవృద్ధులు బ్యాంకుకిచ్చే 15హెచ్ ఫారం ఇవ్వకపోవడంతో బ్యాంకు 21,000 టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోసింది. 2023 జూన్‌లో పక్షవాతం వచ్చి ఏడాదిన్నర మంచం మీదే ఉన్నారు. రిటర్న్ వేయలేదు. ఇప్పుడు గడువు అడగొచ్చా? అప్‌డేటెడ్ రిటర్న్ వేయమని తెలిసినవాళ్లు అంటున్నారు.

జవాబు: అప్‌డేటెడ్ రిటర్న్ ఆలోచన మానుకోండి. 139(8ఏ) కింద వేసే ఆ రిటర్న్ అదనంగా పన్ను కట్టేవాళ్లకే. దాంతో రిఫండు అడగడానికి వీల్లేదు.

‘నాకొక్కడికి గడువు పొడిగించండి’ అని ముందుగా అడిగే దరఖాస్తు మన చట్టంలో లేదు. పొడిగిస్తే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డే అందరికీ పొడిగిస్తుంది. 2025లో జులై 31ని సెప్టెంబరు 15కి, మళ్లీ 16కి జరిపింది అలాగే. మీ విషయంలో 2023 జులై 31తో పాటు ఆలస్యపు రిటర్న్‌కి ఇచ్చిన డిసెంబరు 31 కూడా దాటిపోయింది. ఇక మిగిలింది 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 119(2)(బి). ఆలస్యాన్ని మన్నించి రిటర్న్ తీసుకోమని దాని కింద కోరవచ్చు.

బోర్డు ఇచ్చిన 2024 అక్టోబరు 1 నాటి 11వ నంబరు సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాది తర్వాతి ఏడాది) ముగిసిన ఐదేళ్లలోపు అడగాలి. మీది 2023-24 కాబట్టి 2029 మార్చి 31 దాకా అవకాశం ఉంది. అలాగని ఆగకండి, ఆలస్యం పెరిగేకొద్దీ సంజాయిషీ కష్టమవుతుంది. రిఫండు కోటి లోపే కనుక కమిషనర్ స్థాయిలోనే తేలుతుంది. దరఖాస్తు అందిన నెల ముగిశాక ఆరు నెలల్లో, వీలైనంతవరకు, తేల్చాలని సర్క్యులర్‌లోనే ఉంది.

లెక్క మీకు అనుకూలంగానే ఉంది. ఆ ఏడాదికి పాత పన్ను విధానమే డీఫాల్ట్, అంటే వేరేది ఎంచుకోకపోతే అదే వర్తిస్తుంది. పింఛనులో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, వడ్డీలో వయోవృద్ధులకిచ్చే 80టీటీబీ మినహాయింపు కింద 50,000 తీసేస్తే 5,20,000 కాస్తా 4,20,000 అవుతుంది. ఐదు లక్షలు దాటలేదు కనుక 87ఏ రిబేటుతో పన్ను సున్నా.

చాలా దరఖాస్తులు దెబ్బతినేది కారణం దగ్గరే. 2023 డిసెంబరు దాకా ఎందుకు వేయలేదో రాసి ఊరుకుంటారు. దరఖాస్తు పెట్టే రోజు దాకా ఏ నెలకా నెల సమాధానం ఉండాలి. ‘అనారోగ్యం వల్ల’ అన్న ఒక్క ముక్క చాలదు. ఇలా రాయండి, తేదీలు మీవి వేసుకోండి: ‘12-06-2023న పక్షవాతంతో ఆసుపత్రిలో చేరాను. 02-07-2023న డిశ్చార్జి అయ్యాను. కుడిచెయ్యి పడిపోయి 2024 డిసెంబరు దాకా సంతకం కూడా చేయలేకపోయాను. డిశ్చార్జి సమ్మరీ, న్యూరాలజిస్టు సర్టిఫికెట్ జతచేశాను.’ ఆ తర్వాతి నెలలకు ఫిజియోథెరపీ బిల్లులు పెట్టండి. టీడీఎస్ సంగతి మీ పేరున జమైన పన్ను చూపే 26ఏఎస్‌లో ఎప్పుడు చూశారో ఉన్నదున్నట్టు చెప్పండి. ఆలస్యంగా అప్పీలు వేయడం వల్ల కక్షిదారుకు మామూలుగా లాభమేమీ ఉండదని 1987లో కాటీజీ కేసులో సుప్రీంకోర్టు అన్నమాట కూడా ఉదహరించండి.

నాన్నగారి లాగిన్‌తో ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో సర్వీసెస్ కింద కండోనేషన్ రిక్వెస్ట్ (ఆలస్యం మన్నించమనే అభ్యర్థన)లోకి వెళ్లి, గడువు మీరిన ఐటీఆర్‌కి అనుమతి కోరే ఆప్షన్ ఎంచుకోండి. 26ఏఎస్, బ్యాంకు ఇచ్చిన టీడీఎస్ సర్టిఫికెట్ 16ఏ, పన్ను లెక్క, వైద్య పత్రాలు జతచేయండి. ఆర్డర్ చేతికొచ్చాక వేసే రిటర్న్‌లో సెక్షన్ దగ్గర 139(4) కాకుండా 119(2)(బి) ఎంచుకుని ఆర్డర్ నంబరు, తేదీ నింపాలి. 30 రోజుల్లో ఈ-వెరిఫై (ఆన్‌లైన్‌లో ధ్రువీకరణ) చేయకపోతే పడ్డ శ్రమంతా వృథా.

పాన్‌కి ఆధార్ లింక్ అయిందో లేదో ఇప్పుడే చూడండి. పాన్ పనిచేయని స్థితిలో ఉంటే రిఫండు ఇవ్వరు. ఇలా ఆలస్యంగా అడిగిన రిఫండు మీద వడ్డీ కూడా రాదు.

కమిషనర్ కాదంటే ఆ ఉత్తర్వు మీద ఆదాయపు పన్ను చట్టంలో అప్పీలు లేదు. రాజ్యాంగం 226వ అధికరణం కింద అమరావతిలోని హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు. అక్కడ కొత్త కాగితాలకు పెద్దగా చోటుండదు, కమిషనర్ ముందు పెట్టిన ఆధారాలనే చూస్తారు. అందుకే ఆ మెడికల్ ఫైలు మొదటిసారే పూర్తిగా జతచేయండి.