ముందున్న గుర్తుకు ఎంత, లోపలున్న కారుకు ఎంత

ఈ సంక్రాంతికి టంగుటూరులో అక్క వాళ్ల వరండాలో కూర్చుని ఉండగా, డాలస్‌లో ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని మా మేనల్లుడు ఫోనులో రెండు కార్లు చూపించి, "మామయ్యా, ఈ రెంటిలో ఏది తీసుకోమంటావు?" అని అడిగాడు. ఒకటి అన్ని హంగులూ ఉన్న టయోటా కేమ్రీ టాప్ మోడల్, రెండోది బీఎండబ్ల్యూ 3 సిరీస్ బేస్ మోడల్. నేను నోరు విప్పేలోపే మా బావ, "అబ్బాయ్, బీఎండబ్ల్యూ అంటే ఊరందరికీ తెలుసు. కేమ్రీ అంటే ఇక్కడ ఎవరికి తెలుస్తది?" అన్నాడు. సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఆ మాటకు బరువు ఉంటుంది కనుక నేను దానిని కొట్టిపారేయలేదు. పందొమ్మిదేళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నవాణ్ణిగా, ఇదే మీమాంసలో ఒకసారి తప్పుదారి పట్టినవాణ్ణిగా, వాడికి ఆ సాయంత్రం చెప్పిన మాటలను కొత్తగా అమెరికాకు వచ్చే మన పిల్లలందరి కోసం ఇక్కడ రాస్తున్నాను.

మా తాత ఎడ్లను కొనడానికి వెళ్తే, ముందు వాటి మెడలోని మువ్వల పట్టెడలూ కొమ్ముల కొప్పులూ తీయించి, ఆ తరువాతే పళ్లు చూసి, కాడి కట్టించి నడక చూసేవాడు. కారు విషయంలో ఆ పని చేసిపెట్టే కాగితం ఒకటి ఉంది. అమెరికాలో అమ్మే ప్రతి కొత్త కారు అద్దానికీ, 1958లో వచ్చిన చట్టం ప్రకారం, ధరల పత్రం ఒకటి అంటించి ఉండాలి. ఆ చట్టం తెచ్చిన సెనేటర్ పేరు మీద దానిని మన్రోనీ స్టిక్కర్ అంటారు. మూల ధర ఎంత, కంపెనీ మామూలుగా ఇచ్చేవి ఏవి, అదనపు డబ్బుకు చేర్చినవి ఏవి, రవాణా ఖర్చు ఎంత, గ్యాలనుకు ఎన్ని మైళ్లు వస్తుంది అన్నవన్నీ అందులో ఉంటాయి. రెండు కార్ల పత్రాలనూ ఫొటో తీసుకుని, ఇంటికి వచ్చి పక్కపక్కన పెట్టుకుని వరుసవారీగా చదవండి. షోరూంలో నిలబడి చదివితే ముందున్న గుర్తు మీదికే కన్ను పోతుంది.

అలా చదివితే తెలిసే సంగతులు కొన్ని ఆశ్చర్యం కలిగిస్తాయి. ముందు వెళ్లే బండికి తగినట్టు తానే వేగం తగ్గించి పెంచుకునే క్రూయిజ్ కంట్రోల్ కేమ్రీలో అన్నిటికంటే తక్కువ ధర మోడల్‌లోనే వస్తుంది. 3 సిరీస్‌లో దానికి విడిగా ప్యాకేజీ తీసుకోవాలి. హోండా అకార్డ్ టూరింగ్‌లో ముందు సీట్లకు చల్లగాలి, వెనుక సీట్లకు వేడి, అద్దం మీద వేగం కనిపించే ఏర్పాటు, పన్నెండు స్పీకర్లు, అన్నీ ఆ ధరలోనే కలిసి ఉంటాయి. బేస్ లగ్జరీ కార్లలో చాలావాటి సీట్లు మనవాళ్లు అనుకునే తోలువి కావు, మేలు రకం రెగ్జిన్‌వి. అది చెడ్డదని నేను అనను, ఎండకూ పిల్లలకూ అదే బాగా తట్టుకుంటుంది కూడా. కాని తోలు అనుకుని డబ్బు కట్టకూడదు. నలుపూ తెలుపూ కాక మరో రంగు కావాలన్నా ఎన్నో మోడళ్లలో అదనంగా కట్టాలి. ఈ ముక్కలన్నీ చేర్చుకుంటూ పోతే, 48 వేల డాలర్ల కారు 55 వేలకు చేరడానికి పెద్దగా సమయం పట్టదు.

లగ్జరీ కారు ఊరికే ఎక్కువ ధర పలకడం లేదన్న మాట కూడా న్యాయంగా చెప్పాలి. మలుపులో స్టీరింగ్ చేతికి ఇచ్చే పట్టు, 75 మైళ్ల వేగంలో కూడా నేలను కరుచుకుని పోయే తీరు, తలుపు వేసినప్పటి నిబ్బరం బేస్ మోడల్‌లోనూ ఉంటాయి. బండి నడపడం అంటే ప్రాణం పెట్టేవారు వాటి కోసం హంగులు వదులుకుంటే అది సరైన నిర్ణయమే. మా మేనల్లుడిని అదే అడిగాను; వాడు రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికీ, నెలకోసారి గుడికీ, స్నేహితులతో ఆస్టిన్‌కూ తప్ప కారు తీయనన్నాడు.

ఇక నెలవారీ లెక్క. కొత్తగా వచ్చినవారికి క్రెడిట్ చరిత్ర, అంటే అప్పులు సక్రమంగా తీర్చిన రికార్డు, ఉండదు కనుక వడ్డీ ఎక్కువే పడుతుంది. 9 శాతం అనుకుని, అయిదేళ్లకు, కేమ్రీకి 36 వేల అప్పు అయితే నెలకు సుమారు 747 డాలర్లు, లగ్జరీ కారుకు 48 వేల అప్పు అయితే 996 డాలర్లు. ఏడాదికి 12 వేల మైళ్లు తిరిగితే, గ్యాలనుకు సుమారు 47 మైళ్లు ఇచ్చే కేమ్రీ హైబ్రిడ్‌కు 255 గ్యాలన్ల సాధారణ పెట్రోలు, 30 మైళ్లు ఇచ్చే లగ్జరీ కారుకు 400 గ్యాలన్ల ప్రీమియం పెట్రోలు కావాలి. గ్యాలను 3 డాలర్లు, ప్రీమియం 3.80 అనుకుంటే తేడా ఏడాదికి 750 డాలర్లు దాటుతుంది. కిస్తీల తేడా, పెట్రోలు తేడా కలిపితే నెలకు 300 డాలర్ల పైమాటే, కారు ధరతోపాటు పెరిగే అమ్మకపు పన్నునూ (టెక్సస్‌లో 6.25 శాతం), ఇన్సూరెన్సునూ నేను ఇందులో కలపలేదు. ఆ 300 డాలర్లు మన డబ్బులో పాతిక వేల రూపాయలకు పైనే అని చెప్పినప్పుడు మా బావ చాలాసేపు మాట్లాడలేదు, ఎందుకంటే తమ పొగాకు పొలాన్ని తనఖా పెట్టి వాడి చదువుకు తెచ్చిన అప్పుకు ఒంగోలు బ్యాంకులో వాళ్లు కడుతున్న కిస్తీ కూడా దాదాపు అంతే.

వారంటీ ఎంతకాలమో చూసుకోవాలి, వారంటీ కిందికి రాని ఖర్చులనూ చూసుకోవాలి; ఆ రెండోదానిని నేను స్వయంగా అనుభవించాను. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్‌లకు 4 ఏళ్లు లేదా 50 వేల మైళ్లు, టయోటాకు 3 ఏళ్లు లేదా 36 వేలు, ఇంజను, గేర్లకు మాత్రం 5 ఏళ్లు లేదా 60 వేలు. హ్యుందాయ్ మొదటి యజమానికి ఇంజను, గేర్ల మీద 10 ఏళ్లు లేదా లక్ష మైళ్ల దాకా ఇస్తుంది. నేను వచ్చిన మూడో ఏట ఒక బేస్ లగ్జరీ కారు కొన్నాను. మా అమ్మను తీసుకుని ఆస్టిన్ నుంచి డాలస్ వస్తుండగా, ఒక ఆదివారం సాయంత్రం, గుంతలో పడి టైరు పక్కభాగం చీలింది. డిక్కీ తెరిచి, ఆవకాయ జాడీలు దింపి, చాప ఎత్తి చూస్తే స్టెప్నీ లేదు. అవి గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు, సుమారు 50 మైళ్లు, అదీ 50 మైళ్ల వేగం దాటకుండా. దగ్గరలో దొరికిన షాపులో ఆ కొలత టైరు లేదు. అమ్మ బీపీ మాత్రలు వేసుకుని మోటెల్ గదిలో ఆ రాత్రంతా కూర్చునే ఉంది. మర్నాడు రెండు టైర్లు మార్చాల్సి వచ్చింది. మీరు కొనబోయే కారు డిక్కీలో చాప ఎత్తి చూడడం రెండు నిమిషాల పని.

హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారు మరొకటి ఆలోచించాలి. ఉద్యోగం పోతే మరో ఉద్యోగం చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఆ హడావుడిలో కారు అమ్మాల్సి వస్తే, తొలి ఏళ్లలో విలువ వేగంగా పడిపోయే లగ్జరీ కారు మీద, వచ్చే ధర కంటే మిగిలిన అప్పే ఎక్కువ కావచ్చు. కేమ్రీ, అకార్డ్‌లను కొనేవారు సాధారణంగా త్వరగానే దొరుకుతారు.

రెండూ కావాలనుకునేవారికి మధ్యేమార్గం లేకపోలేదు. లెక్సస్ టయోటా వారిదే. ఈఎస్ 300హెచ్‌కు కేమ్రీతో చుట్టరికం ఉంది, సాధారణ పెట్రోలుతో నడుస్తుంది. లీజు ముగిసి తిరిగివచ్చిన మూడేళ్ల కారును, కంపెనీ పరీక్షించి మళ్లీ వారంటీ ఇచ్చి అమ్మేదానిని చూస్తే, హంగులున్న లగ్జరీ కారే కొత్త కేమ్రీ ధరకు దొరకవచ్చు. అయినా క్రెడిట్ చరిత్ర నిలబడేదాకా, అంటే ఓ రెండేళ్లు, ఆగమనే నా మాట.

మా మేనల్లుడు తిరిగి వెళ్లాక ఒక శనివారం షోరూం నుంచే ఫోను చేశాడు. కేమ్రీ ధర కుదిరిందట. కాగితాల గదిలో మాత్రం రంగుకు రక్షణ పూత, టైర్లలో నైట్రోజన్, అదనపు వారంటీ అంటూ 3 వేల డాలర్లు చేర్చి సంతకం పెట్టమంటున్నారట. అవన్నీ తీసేసి మొత్తం ధర ఒకే అంకెగా రాసిమ్మని అడగమన్నాను, ఇవ్వకపోతే లేచి రమ్మన్నాను. వాడు లేచి వచ్చాడు. సోమవారం ఉదయం వాళ్లే ఫోను చేసి, ఆ 3 వేలు లేని కాగితం పంపారు.